పక్క సీటు మనిషి

"దిగు, జంగప్పా," అన్నాడు బాల్‌రాజ్.

జంగప్ప జీపు పక్క సీటులోంచి కదల్లేదు.

అది 1957 దసరా. తాండూరు నుంచి వికారాబాద్ దాకా నాపరాళ్ల గనుల యజమానులు ఏటా పెట్టే జీపుల పందెం ఇంకాసేపట్లో మొదలవుతుంది.

మూడేళ్లుగా గెలుపు బాల్‌రాజ్‌దే. ఈసారి గెలిచిన బండి మనిషిని మోటారు పందేలకు బొంబాయి తీసుకుపోతానని ఒక సేటు కబురు పెట్టాడు. వికారాబాద్‌లో ఎదురుచూస్తున్నాడు.

"నీ బరువుతోని బండి ఆలస్యమైతది. గీసారి ఒక్కన్నే పోత."

"మలుపుల బండి ఒరుగుతది, తమ్మీ. ఎదురు దిక్కు ఒంగెటోడు ఉండాలె."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"గంత పనికి ఇసుక బస్తా చాలదా?" అన్నాడు ఇంకో జీపులోని నర్సింహులు. "దానికైతే బువ్వ గూడ పెట్టే పని లేదు!"

బాల్‌రాజ్ తల్లి శంకరమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"మూడేండ్ల సంది నీ పక్కన కూసున్నడు. జర తీస్కపో, కొడుకా."

"కూసున్నడు, గంతే. తోలింది నేను గాదా, అవ్వా?"

మూడేళ్ల కింద రైలు దిగి, పక్కన కూర్చుంటానని వచ్చిన మనిషి జంగప్ప. ఏ ఊరని ఎవరూ అడగలేదు. స్టీరింగ్ పట్టమంటే చేతులు వెనక్కి తీసుకునేవాడు. తోలడం రాదనుకున్నారు.

జంగప్ప దిగాడు.

"అనంతగిరి గుట్ట మీద మూడో మలుపు కాడ నిమ్మలంగ పో, తమ్మీ."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

జంగప్ప రైలు స్టేషన్ వైపు నడిచాడు.

మూడో మలుపులోనే జీపు పల్టీ కొట్టింది. బాల్‌రాజ్ కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

పదో రోజు సేటు ఆసుపత్రికి వచ్చాడు. బాల్‌రాజ్ దుప్పటి కాళ్ల మీదికి లాక్కుని, లేచి కూర్చోబోయాడు.

"నీ పక్కన కూర్చునే ఆయన ఎక్కడ?" ఉర్దూలో అడిగాడు సేటు.

"రైలెక్కి పోయిండు."

"ఏ ఊరికి?"

"ఎవరడిగిన్రు?" అంది శంకరమ్మ.

సేటు మంచం అంచున కూలబడ్డాడు.

"గెలిచే బండిలో ఆయన ఉంటాడని ఎవరో చెబితే, ఆయన కోసమే వచ్చాను. బొంబాయిలో ఆరేళ్లు ఆయనను దాటిపోయిన బండి లేదు. ఒక మలుపులో బండి పల్టీ కొట్టి పక్కనున్న సొంత తమ్ముడు చనిపోయినప్పటి నుంచి, స్టీరింగ్ ముట్టకుండా, ఆ తమ్ముడు కూర్చునే వైపే కూర్చుంటున్నాడు."