మేడంగారి పాత్ర

"ఆ మూడో మనిషి పేరు చెప్పి నీ సీటుకి వెళ్ళు. చెప్పనంటావా, ఇటునుంచి ఇటే ఇంటికి వెళ్ళు," అంది డైరెక్టరమ్మ.

ఎదురుగా డెవలపరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు తలుపు గట్టిగా మూసి వచ్చి ఆవిడ కుర్చీ పక్కన కాపలావాడిలా నిలుచున్నాడు. అది గాజు గోడల గది. బయట ఉన్నవాళ్ళంతా కంప్యూటర్లలోకి తలలు దూర్చేసి, చెవులు మాత్రం ఇటు పడేశారు.

డైరెక్టరమ్మ కడుపుమంటకి కారణం లేకపోలేదు. ఈమధ్య ఇద్దరు పనిమంతులు ఉద్యోగం మానేశారు. మానేస్తే మానేశారు, పీడాపోయిందనుకునేది. కానీ ఎప్పుడూ ఆవిడ ముందు నీళ్ళు నమిలే ఆ ఇద్దరూ, ఆ రోజు మాత్రం తొణక్కుండా బెణక్కుండా చెప్పాల్సింది చెప్పేసి వెళ్ళిపోయారు. అదీ ఆవిడకి మింగుడుపడనిది. ఆరా తీస్తే తేలిందేమంటే, ఈ డెవలపరు సెలవు రోజుల్లో ఒక హాలు అద్దెకి తీసుకుని, ఉద్యోగాలతో విసిగిపోయినవాళ్ళకి కోచింగ్ ఇస్తున్నాడు. ఆ ఇద్దరూ అక్కడ తయారైనవాళ్ళే. ఈ ఆఫీసు నుంచే ఇంకొకరు కూడా ఆ క్లాసుకి వెళ్తున్నారట. ఎవరన్నది మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

"ఏం నేర్పుతున్నావు అక్కడ?"

"మాట్లాడటం మేడం."

"ఎవరితో?"

"మీతోనే."

మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడు. ఎవరి ముందు నిలబడ్డావో తెలుస్తోందా?"

డెవలపరు ఆయన వంక చూడనే లేదు. "నేను నాటకాలు రాస్తానని మీకు తెలుసు కదా మేడం. క్లాసు కోసం ఒక చిన్న సీను రాశాను. ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి ఒకడు మీ గదిలోకి వస్తాడు. అంతే కథ. మీ పాత్ర మనిషి వెయ్యడు, నేను తయారుచేసిన ప్రోగ్రాము వేస్తుంది. వాడొక మాట అంటే, దానికి మీరేం అంటారో అది అంటుంది. తిడుతుంది కూడా."

"నా మాటలు దానికెలా తెలుసు?"

"మీటింగుల్లో అందరి ముందూ అన్నవే కదా. గుర్తుపెట్టుకుని ఎక్కించాను. పెద్ద కష్టమేం కాలేదు మేడం, మీరు కొత్త మాటలు ఎక్కువ వాడరు."

డైరెక్టరమ్మ మొహం కందగడ్డ అయింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడని ఎవరూ అంత మాట అనలేదు. బయట ఎవరో దగ్గారు. అది దగ్గో, నవ్వు ఆపుకోవడమో దేవుడికే తెలియాలి.

"జీతం తీసుకునేది ప్రోగ్రాములు రాయడానికి," అని అందుకున్నాడు మేనేజరు. "ఇంటికెళ్ళి నాటకాలు. ఆదివారం వస్తే పాఠాలు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళని చూశాం గానీ, వీడు మూడో పడవ కూడా తెచ్చుకున్నాడు మేడం."

"మూడూ ఒకటే పని సార్. ప్రోగ్రాము ఎక్కడ ఆగిపోతోందో చూస్తాను. నాటకంలో పాత్ర ఎక్కడ ఆగిపోయిందో చూస్తాను. మేడం ముందుకొచ్చేసరికి మనవాళ్ళ నోరు ఎక్కడ ఆగిపోతోందో, అదీ చూస్తున్నాను."

"చాల్లే నీ వేదాంతం," అంది డైరెక్టరమ్మ. ఆవిడకి మనిషిని ఎక్కడ నొక్కాలో బాగా తెలుసు. గొంతు తగ్గించింది. "మీ ఆవిడకి నెలలు నిండాయని విన్నాను. ఇలాంటప్పుడు ఉద్యోగం పోగొట్టుకుని ఏం మొహం పెట్టుకుని ఇంటికెళ్తావు? నేను నీ ఆస్తి అడగలేదు. ఒక్క పేరు అడిగాను."

డెవలపరు తలదించుకున్నాడు. పాపం, భయం వేసింది అతనికి. వెయ్యదూ మరి? డైరెక్టరమ్మకి లోపల్లోపల సంబరంగా ఉంది. వీడు దారికొచ్చినట్టే అనుకుంది.

"చెప్పను మేడం," అన్నాడతను చివరికి. "నన్ను నమ్మి వచ్చిన మనిషిని పట్టివ్వలేను."

"వీడితో మనకి మాటలేంటి మేడం, టైం దండగ. పంపించెయ్యండి," అంటూ మేనేజరు గబగబా ముందుకొచ్చాడు. డెవలపరు మెడలో వేలాడుతున్న కార్డు తనే లాగేసుకుని, తలుపు బార్లా తీసి, "నడు" అన్నాడు.

డెవలపరు మేనేజరు మొహంలోకి ఒకసారి చూశాడు. తన సీటు దగ్గరికెళ్ళి సంచీ తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లవైపు నడిచాడు.

డైరెక్టరమ్మకి ప్రాణం లేచివచ్చింది. "పోతే పోయాడు. ఆ మూడో వెధవ ఎవడైనా సరే, ఇంక కిక్కురుమనడు. ఎగదోసేవాడే లేకపోతే వీళ్ళకి నోరెక్కడిది? ఈ ఆఫీసు మొత్తంలో నా మనిషంటూ ఉంటే నువ్వొక్కడివే. రేపట్నించి వాడి పని కూడా నువ్వే చూసుకో."

కార్డు ఇంకా మేనేజరు చేతిలోనే ఉంది. నుదుటి మీద చెమటలు పట్టాయి.

"అయ్యో, అంత ఆవేశం ఎందుకయ్యా? వాడికోసం నువ్వు బీపీ తెచ్చుకుంటావా?" అంది డైరెక్టరమ్మ. ఆవిడ అంత మెత్తగా మాట్లాడటం చాలా అరుదు. స్వయంగా లేచి ఎదుటి కుర్చీ లాగింది. "కూర్చో. తీరిగ్గా మనం మనం మాట్లాడుకుందాం."

మేనేజరు గాజు గోడలోంచి మెట్లవైపు చూశాడు. కుర్చీ వంక చూశాడు. నిలబడే ఉన్నాడు.

"వద్దు మేడం," అన్నాడు. "మీరు ఈ మాట అన్నప్పుడు కూర్చున్నానంటే, మానేస్తున్నానని ఇక ఎప్పటికీ చెప్పలేనని క్లాసులో ఆయన నాకు మరీమరీ చెప్పారు."