ఎదురు షాపు

“అది కొనకమ్మా!”

రష్మిత ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఈ బెంగాలీ ఊళ్ళో, గోల్ బజార్ రద్దీలో తెలుగు మాట!

షాపు గుమ్మం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ముతక నేత చీర, మెడలో తులసి పూసలు, ఒళ్ళో ఖాళీ చేతిసంచి.

“మీరు తెలుగోళ్ళా అమ్మమ్మా?”

“ఈ ఊర్లో సగం మంది మనోళ్ళేనమ్మా. నువ్వు హిజ్లీ కాలేజీలో సదూకుంటన్న పిల్లవేటి?”

“అవును. రేపు ఇంటర్వ్యూ ఉంది. అందుకే ఇది కొంటున్న.”

రష్మిత చేతిలో ఉన్నది జుట్టు సాఫు చేసే కరెంటు బ్రష్. ఆన్‌లైన్‌లో తెప్పించుకుందామంటే రేపటికి అందేలా లేదు. కిందటి ఇంటర్వ్యూలో కంప్యూటర్ తెర మీద తన ఉంగరాల జుట్టునే చూసుకుంటూ, బాగా తెలిసిన జవాబు కూడా మరిచిపోయింది. ఈసారి అలా జరగడానికి వీల్లేదు. బ్రష్ లేకుండా హాస్టల్‌కి తిరిగి వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకునే బ్యాటరీ రిక్షా, ఇక్కడివాళ్ళ టోటో, ఎక్కింది.

జుట్టు సాఫుగా ఉంటే మాట సాఫుగా వస్తుందా అని ఆ పిల్లను ఎవరడుగుతారు? పెద్దావిడ అడిగింది.

“జుట్టు సూసి ఉజ్జోగాలిస్తారేటమ్మా?”

“వాళ్ళు చూడరు. నేనే చూసుకుంట. అదే నా బాధ.”

పెద్దావిడ నవ్వింది. “అయితే కొనుక్కో. ఇది మాత్రం వద్దు. ఎదురు షాపుకెల్లు. ఏడి ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే బ్రష్ ఉంటాది, అదడుగు.”

“దీనికి కూడా వేడి తగ్గించే అంకెలున్నయి కదా?”

“అంకెలున్నాయి గానీ, అది వాటి మాట ఇనదు.”

షాపతను బల్ల వెనక నిలబడి, ఇంకో గిరాకీతో బెంగాలీలో మాట్లాడుతున్నాడు. ముప్పై దాటిన మనిషి. ఈ గొడవంతా తనది కానట్టే ఉన్నాడు.

పెద్దావిడ లేచి బల్ల దగ్గరకు వచ్చింది.

“దాదా, జరా ప్లగ్ లగాయియే,” అంది హిందీలో, ఎంతో మర్యాదగా.

అతను ఆమె ముఖం వైపు చూడకుండా ప్లగ్గు పెట్టాడు. ఆమె అన్నిటికంటే తక్కువ వేడి మీద పెట్టించింది. ముడి విప్పి, తెల్లటి పాయ ఒకటి ముందుకు తీసుకుంది.

“అయ్యో, మీ జుట్టు మీద ఎందుకమ్మమ్మా?”

“మరి నీ జుట్టు మీద సెయ్యమంటావేటి?”

బ్రష్ పాయ కొసదాకా దిగలేదు. సన్నగా పొగ లేచింది. కమురు వాసన గుప్పుమంది.

షాపతను ఒక్క ఉదుటున ప్లగ్గు పీకేశాడు. కాలుతున్న పాయను వట్టి వేళ్ళతో నలిపేశాడు.

షాపుకి చెడ్డపేరు వస్తుందని భయపడుతున్నాడు అనుకుంది రష్మిత.

“సూసినావా?” అంది పెద్దావిడ. “రేపు మాడిన జుట్టుతో ఎల్లి కూకుంటావేటి? పద, ఎదురు షాపు నాను సూపిస్తాను.”

రష్మిత కదల్లేదు. హాస్టల్లో సీనియర్లు చెప్పిన మాట గుర్తొచ్చింది. బజారులో తెలుగు మాట్లాడి దగ్గరకు చేరేవాళ్ళని నమ్మకు, షాపులకు గిరాకీని పట్టిచ్చేవాళ్ళుంటారు.

“మీది తెల్లబడి ఎండిపోయిన జుట్టు. అందుకే కాలింది,” అంది.

“నీది ఉంగరాల జుట్టమ్మా. నువ్వు మళ్ళీ మళ్ళీ లాగుతావు. ఇంకా కాల్తాది.”

“నాకు అర్థమైంది అమ్మమ్మా. ఎదురు షాపోడు మీకు కమీషన్ ఎంతిస్తడు?”

పెద్దావిడ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

షాపతను చప్పున తలెత్తాడు. ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి కొద్దిగా పైకెత్తింది. అతను ఆగిపోయాడు.

ఆమె కాలిన పాయను లోపలికి దోపి ముడి వేసుకుంది. సంచి భుజాన తగిలించుకుంది.

“రేపు బాగా సెప్పు తల్లీ. అప్పన్న సామి నీకు తోడుంటాడు,” అని మెట్లు దిగి, వెళ్తున్న టోటోను ఆపి ఎక్కింది.

రష్మితకు కొంచెం చివుక్కుమంది. అయినా పట్టిన పట్టు వదల్లేదు.

“దాదా, ప్యాక్ కర్ దీజియే.”

అతను బ్రష్‌ను డబ్బాలో పెట్టాడు. మూత వేశాడు. డబ్బాను ఆమె వైపు కాకుండా బల్ల కిందకు తోసేశాడు.

“ఇది నాను అమ్మను మేడమ్. ఎదురు షాపుకెల్లండి.”

పర్సు తీయబోయిన రష్మిత తలెత్తింది. “మీరు... తెలుగా?”

“ఇక్కడి ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ మాది. మా తాత రైల్వే వర్క్‌షాపులో సేసినాడు.”

తాను అన్నదంతా అతనికి అర్థమైందన్న మాట. అవమానం కోపమై పైకి వచ్చింది.

“మరి ఆమె మీ షాపులోనే కూర్చుని గిరాకీని ఎదురు షాపుకి పంపుతుంటే ఊరుకుంటున్నరా? వెళ్ళిపొమ్మనలేరా?”

“రోజూ వస్తాది. ఈ బ్రష్ ఎవరు పట్టుకున్నా ఇదే పని.”

“అదే అంటున్న. ఎందుకు ఊరుకుంటున్నరు?”

అతను రోడ్డు వైపు చూశాడు. రష్మిత కూడా చూసింది. టోటో మలుపు తిరిగిపోయింది.

“ఈ షాపు ఆవిడదే మేడమ్,” అన్నాడతను, కమిలిన వేళ్ళను గుప్పిట్లో దాచుకుంటూ. “ఈ సరుకు వాపసు పంపేదాకా నాను ఆవిడ కొడుకుని కానంట.”