యాభైకి ఎన్ని?

“సున్నా. ఇంక అడక్కండి,” అంది చౌడేశ్వరమ్మ.

ఉదయభాస్కర్ చాచిన కాగితం చేతిలో అలాగే ఉండిపోయింది. ఆయన విజయవాడలో ఒక యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో ప్రొఫెసరు. వెనకాల ఐదుగురు ఎంబీఏ పిల్లలు, చెప్పులు విప్పాలో వద్దో తేలక గడప అవతలే నిలబడ్డారు.

“ఐదుగురికీనా అమ్మా?”

“ఐదుగురికీ.”

ఆ కోర్సులో ఈ ఏడే కొత్త పద్ధతి పెట్టారు. పిల్లలు నెల రోజులు పల్లెలో ఒక ఇంటివాళ్ళతో కలిసి పనిచెయ్యాలి. చివర్లో ఆ ఇంటివాళ్ళు యాభైకి మార్కులు వెయ్యాలి, సొంత చేత్తో. అందులో ఇరవై రాకపోతే డిగ్రీ లేదు. కంకిపాడు అవతల కాలవ గట్టు మీదున్న ఈ ఊళ్ళో, చీరలు నేసే చౌడేశ్వరమ్మ ఇల్లు వీళ్ళ వంతుకు వచ్చింది.

నిన్న కాలేజీవాళ్ళు కారు పంపి ఆమెను తీసుకెళ్ళారు. చల్లటి హాల్లో ముందు వరసలో కూర్చోబెట్టి, పిల్లలు తీసిన సినిమా చూపించారు. తెర మీద చౌడేశ్వరమ్మ కళ్ళజోడు లేకుండా పక్కింటి గొడ్ల చావిట్లో కూర్చునుంది. తర్వాత ఆమె భర్త సాంబమూర్తి ఫోటో వచ్చింది. ఫోటోకి దండ. వెనక ఏడుపు సంగీతం. హాలంతా చప్పట్లు కొట్టింది. పక్కన కూర్చున్నావిడ కళ్ళు తుడుచుకుని ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆల్బం కోసమనే కదయ్యా ఫోటో అడిగావు?” అంది చౌడేశ్వరమ్మ ఇప్పుడు, పిల్లల్లో ముందు నిలబడ్డ దుర్గాశంకర్‌ని చూసి.

“ఎమోషనల్ కనెక్ట్ కోసం మామ్మగారూ. తాతగారు బాగానే ఉంటే స్టోరీ లేదండి.”

ప్రొఫెసరు గుంట మగ్గం వైపు తిరిగాడు. “సాంబమూర్తి గారూ, మీరైనా చెప్పండి.”

సాంబమూర్తి పోగుల మధ్య అటూ ఇటూ తోసే నాడె ఆపలేదు. “నన్నడక్కండి మేష్టారూ. నేను పోయాను కదా.” రెండు పోగులు వేశాక మళ్ళీ అన్నాడు. “మల్లెపూలైనా వేయించాల్సింది. బంతిపూలు నాకు పడవు.”

ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ప్రొఫెసరు వాడికేసి గుర్రుగా చూశాడు.

“పిల్లలమ్మా, తెలీక చేశారు.”

“అన్నీ తెలీకేనా? సెల్ఫీ కోసం మగ్గంలో దిగి, పడుగు మీద మోచెయ్యి ఆనించి వంద పోగులు తెంపారు. అతుక్కోడానికి మాకు రెండ్రోజులు పట్టింది. కడుపున పుట్టిన పిల్లల్లా ఉన్నారని గోంగూర వండి పెట్టాను. ఆ అన్నాన్ని ఫోటో తీసుకుని, దొడ్లో కుక్కకి వేశారు. తర్వాత కారులో కూర్చుని బిర్యానీ పొట్లాలు విప్పారు. ఆ పొట్లాల కాగితాలు నేనే ఏరాను.”

ప్రొఫెసరు గొంతు తగ్గించాడు. “వచ్చే వారం పైనుంచి కమిటీ వస్తోందండి. ఊరివాళ్ళే సున్నా వేశారంటే మా కాలేజీ ఏమైపోవాలి? మిమ్మల్ని స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పిస్తాం.”

“బట్ట మా ఇంట్లోనే ఉంది లెండి.”

దుర్గాశంకర్ ఈసారి చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. వాడి మొహం నిజంగానే పాలిపోయింది.

“మామ్మగారూ, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం వచ్చింది నాకు. ఒకటో తారీఖున చేరాలి. డిగ్రీ లేకపోతే తీసుకోరు. మా ఇంట్లో నేను సంపాదిస్తేనే...” అంటూ వంగి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు.

టిక్కుమని చప్పుడైంది.

“ఎవరది?”

చక్రి అనే కుర్రాడు ఫోన్ వెనక్కి దాచుకున్నాడు. “రిపోర్టులోకండీ.”

చౌడేశ్వరమ్మ పేడలో కాలు పడ్డట్టు పాదాలు వెనక్కి లాక్కుంది. ఐదుగురినీ ఒక్కొక్కళ్ళనే చూస్తూ పోయి ప్రత్యూష దగ్గర ఆగింది. నెల రోజులూ అందరి వెనకా నిలబడి, తల దించుకుని రాసుకున్న పిల్ల.

“అమ్మాయ్, నువ్వొకసారి వంటింట్లోకి రా.”

వంటింటి గుమ్మం దగ్గర ఆమె ఏదో అడిగింది. బయటికి వినపడలేదు. ప్రత్యూష వేళ్ళు మడిచి లెక్కపెట్టి ఏదో చెప్పింది. “నిజమేనా?” అంది చౌడేశ్వరమ్మ. పిల్ల తలూపింది.

చౌడేశ్వరమ్మ ఇవతలికొచ్చి గూట్లోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. కాగితం అందుకుని, మగ్గం పక్కన పీట మీద పెట్టి, అక్షరం అక్షరం దిద్దినట్టు రాసింది.

యాభై. యాభై. యాభై. యాభై. యాభై.

ప్రొఫెసరు కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

“చూశారర్రా? ఇదీ పల్లె మనసంటే. ఇంత చేసినా క్షమించింది మహాతల్లి. ఈ మాట రిపోర్టులో మొదటి పేజీలో రాయాలి.”

“మిమ్మల్ని జన్మలో మర్చిపోం మామ్మగారూ,” అన్నాడు దుర్గాశంకర్, చేతులు జోడించి.

“మర్చిపోండి నాయనా,” అందామె.

కారు కాలవ గట్టెక్కి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. తర్వాత బకెట్టుతో నీళ్ళు తెచ్చి గడప కడిగింది.

సాంబమూర్తి మగ్గం ఆపాడు.

“చచ్చినోణ్ణి, అడగొచ్చో లేదో గానీ... పొద్దుటినుంచీ సున్నా సున్నా అని, చివరికి యాభై వేశావేంటే? కాళ్ళట్టుకున్నాడని జాలేసిందా?”

ఆమె మిగిలిన నీళ్ళు కూడా గడప మీదే కుమ్మరించింది.

“తప్పినోళ్ళు మళ్ళీ నెల్రోజులు మనింటికే రావాలంట.”