గీత పడ్డ లైను

"ఏడుపంతా ఉంచి ఓదార్పు ఒక్కటే కొట్టేశారేంటి మేడమ్?" గాయకుడు విటోల్డ్ బల్లమీదికి వంగిపోయాడు.

సెన్సారు ఆఫీసులో బ్రొనిస్లావా మేడమ్ ఎర్రసిరా కలానికి నింపాదిగా మూత పెట్టింది. సైనిక పాలనలో ఉన్న ఆ మిల్లుల ఊరు వూచ్‌లో ఏ రాక్ పాటకైనా రాకపోకలు ఆవిడ చేతిలోనే. రాత వాళ్లది, గీత ఆవిడది.

"'రొట్టెల వరసలో తెల్లారింది, రొట్టె రాలేదు.' ఇది ఉంచారు. 'సిపాయిలొచ్చారు, నాన్న కుర్చీ ఖాళీ.' ఇదీ ఉంచారు!"

"ఉన్న సంగతే కదా బాబూ. ఉన్నదానికి అభ్యంతరం దేనికి?"

"మరి 'మగ్గం ఆగింది, నూలు తెగలేదు' అంటే తప్పేంటి?"

"తెగలేదంటే ఎవరో తెంపబోయారనేగా? ఎవరు వాళ్లు? చెప్పు, రాసుకుంటాను."

విటోల్డ్ కాగితాన్ని ఆవిడ ముందుకి తోశాడు. పాటమీద ముద్ర టపీమని పడింది.

బయట డ్రమ్మర్ రోమెక్ చలికి పళ్లతోనే దరువేస్తున్నాడు. "ఏమైందిరా?"

"ఆ లైను పోయాక ఇంకేముంది? అది పాట కాదు, పాడె! నేను పాడను."

"ఆ లైను వదిలేసి పాడు. ఒక్క మాట ఎక్కువైందా, అనుమతి పీకేస్తారు. మనం జన్మలో మళ్లీ స్టేజి ఎక్కం."

"ఆదివారం కచేరీకి వచ్చేది మిల్లు ఆడవాళ్లురా. సగంమంది మొగుళ్లు సమ్మె చేసి జైల్లో ఉన్నారు. వాళ్లని ఏడిపించి ఇంటికి పంపమంటావా?" కాస్త నడిచి మళ్లీ ఆగాడు. "అసలు నాకర్థం కానిది ఒకటే. అన్ని లైన్లుండగా ఆవిడ కన్ను సరిగ్గా దానిమీదే ఎందుకు పడింది?"

"వెళ్లి అడుగు. ఈసారి నిన్నే కొట్టేస్తుంది."

ఆదివారం మధ్యాహ్నానికే హాలు కిక్కిరిసింది. వెనక కుర్చీలో ఆఫీసు మనిషి ముద్రపడ్డ కాగితం ఒళ్లో పెట్టుకుని చెవులు రిక్కించాడు. చివరికి విటోల్డ్ పాడాడు. నాన్న కుర్చీ ఖాళీ అనేసరికి ముందువరస ఆడవాళ్లు రుమాళ్లు తీశారు. గీత పడ్డ చోటు వచ్చింది. పళ్లు బిగపట్టి మైకుకి దూరం జరిగాడు. గిటారు ఒక్కటే మోగుతోంది.

హాలు హాలంతా లేచి నిలబడింది.

"మగ్గం ఆగింది! నూలు తెగలేదు!"

ఆఫీసు మనిషి గబగబా స్టేజి మీది మూతులన్నీ పరికించాడు. ఒక్కటీ కదల్లేదు. మూసిన నోటిమీద ఏ కేసు పెడతాడు? ఏడ్చిన ఆడవాళ్లే ఇప్పుడు కాళ్లు నేలకి దన్ దన్ మని కొడుతూ మళ్లీ అందుకున్నారు.

విటోల్డ్ రోమెక్ వైపు తిరిగాడు. "నువ్వు గానీ చెప్పావా?"

"మా అమ్మతోడు, నేను కాదు!"

కచేరీ ముగియగానే విటోల్డ్ ఒక్క గంతులో కిందికి దూకాడు. ముందువరసలో గొంతు బొంగురుపోయేలా పాడిన అమ్మాయిని పట్టుకున్నాడు. "ఆ లైను నీకెవరు చెప్పారమ్మా?"

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి అతని చెవి దగ్గరికి వచ్చింది.

"మా అమ్మ. నేను మిల్లు ఆడవాళ్లందరికీ నేర్పాను. ఆఫీసులో తనకి బాగా నచ్చిన లైనుకే ఎర్రగీత పెడుతుంది. గీత పడితేనే ఊరంతా నేర్చుకుంటుందట!"