కట్టెల కుప్పలో పురుగులు

"కుప్పకు మీరు అగ్గి పెడ్తరా, మమ్మల్ని పెట్టుమంటరా?" అంటూ ఎల్లేశ్ ప్లాస్టిక్ డబ్బాను పద్మలత ముందు బల్ల మీద పెట్టాడు.

డబ్బా అడుగున బూడిద రంగు చిన్న రెక్కపురుగులు చచ్చి పడున్నాయి. వంటచెరకుకు పనికొస్తుందని గట్టమ్మ నిరుటి పత్తి కట్టెను తన కౌలు చేను గట్టున కుప్ప వేసుకుంది. పత్తి కాయలను తొలిచి, పెరిగాక రెక్కపురుగయ్యే గులాబీ పురుగు అందులోనే పుట్టి బచ్చన్నపేట చేలను తినేస్తోందని ఎల్లేశ్ ఫిర్యాదు. పంచాయతీ ఆఫీసు నిండా రైతులు. అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి.

"కుప్ప కాలవెడ్తే సాలదు. ఆమె ఆ కౌలు చేను ఇడిసిపెట్టాలె" అన్నాడు ఎల్లేశ్.

"జర ఆగున్రి" అంది పద్మలత. పురుగుల శాస్త్రవేత్త అని మండలం వాళ్లు ఆమెను పిలిపించారు. "గులాబీ పురుగు లెక్కనే ఉండే రెక్కపురుగు ఇంకోటుంది. అది పత్తిని ముట్టది. పైకి రెండూ ఒక్కతీరే. పొట్ట కోసి చూస్తెనే ఏది ఏదో తెలుస్తది."

గోడవారగా కూర్చున్న గట్టమ్మ తలెత్తింది. "పురుగు పొట్టల నా తప్పు కనవడ్తదా బిడ్డా?"

పద్మలత ఒక పురుగు పొట్టను సూదితో విడదీసి, గాజు గొట్టంలో కాస్టిక్ నీళ్లు పోసి మరిగించింది. పొలుసులు ఊడి పొట్ట అద్దంలా తేటపడింది. దాని చివరనుండే జననాంగాల ఆకారం ఏ జాతికి ఆ జాతికే వేరు. చెయ్యి ఏమాత్రం వణికినా ఆ ఆనవాలు చెదిరిపోతుంది. ఊపిరి బిగబట్టి, వెంట తెచ్చుకున్న మైక్రోస్కోపులోకి చూసింది.

"ఏం తేలిందమ్మా?" పెద్దమనిషి సోమనర్సయ్య అడిగాడు.

వేరే పురుగైతే బాగుండునని ఆమె మనసు కొట్టుకుంది. కానీ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"గులాబీ పురుగే."

గట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుంపులో కదలిక వచ్చింది. "నడువున్రి" అన్నారెవరో.

"ఒక్కదాన్ని చూసి చెప్పుడు కాదు, అన్నిట్ని చూడాలె" అంది పద్మలత.

"ఇంకా ఏం చూస్తవ్ మేడం? తేలింది గద" అంటూ ఎల్లేశ్ డబ్బా అందుకోబోయాడు. ఆమె దాని మీద అరచెయ్యి ఆనించింది.

"చూడనియ్యరా, మనకేం పోతది?" అన్నాడు సోమనర్సయ్య.

ఒక్కొక్క పొట్టా విప్పుతూ పోయింది. బయట కొందరు అప్పుడే కుప్ప వైపు నడక మొదలుపెట్టారు. ఆఖరి పురుగును చూసి పద్మలత మెల్లగా తల పైకెత్తింది.

"ఎల్లేశన్నా, ఇయన్నీ కుప్పలనే పట్టినవా?"

"కుప్పలనే. నా చేతులతోనే ఏరిన."

"యాడనన్న వేరే కాడియి కలిసినయా?"

"ఒక్కటి గూడ కలువలే. ఒట్టు."

పద్మలత డబ్బా మూత బిగించి లేచి నిలబడింది.

"కుప్పల పుట్టినయైతే ఆడయి, మగయి రెండూ ఉండాలె. ఇయన్నీ మగయే. ఆడపురుగు వాసన మందు పెట్టి మగపురుగులను గుంజే బుట్ట నీ చేన్ల యాడ కట్టినవో చూపెట్టుదువు, పా అన్నా."