పనికిరాని ఉద్యోగం

"చేరతాను," అన్నారు మాస్టారు.

ఆ మాటకి ఎక్కువ కంగారుపడ్డది పక్కనే కూర్చున్న తోడల్లుడు. ఈ ఇంటర్వ్యూ అతని నిర్వాకమే మరి. భార్య పోయినప్పటి నుంచి మాస్టారు కాలేజీకి సెలవు పెట్టి, కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయారు. పరాయి దేశంలో ఏదో బడికి ఇంగ్లీషు టీచరు కావాలని తెలిసి, తోడల్లుడే ఆయన వివరాలు పంపాడు. వెళ్ళమని కాదు. కొత్తవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడితే మనసు కాస్త మళ్ళుతుందని.

వీడియో కాల్లో మాస్టారు ముక్తసరిగానే జవాబులిచ్చారు. అవతల ప్రిన్సిపాలమ్మ దాపరికం లేని మనిషి. జీతం తక్కువ, చలి ఎక్కువ అని ముందే చెప్పేసింది. "మావన్నీ పాత పద్ధతులు, పాత సామాన్లు. కొత్తవి కొనే స్తోమత లేదు," అంటూ, ఫోను చేత్తో పట్టుకుని బడంతా తిప్పి చూపించింది. పెచ్చులూడిన గోడలు, తడి కోట్లు తగిలించిన కొక్కేలు, వరసగా తరగతి గదులు, వాటిలోంచి కలగాపులగంగా వినిపిస్తున్న పాఠాలు. ఆమె వరండా సగం కూడా దాటలేదు, మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. జీతమెంతో అడగలేదు. సెలవులడగలేదు. చేరతానన్నారు.

టీ తెస్తున్న మరదలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"బావా, మీకేమైనా మతిపోయిందా?"

"నెలాఖరుకల్లా బయల్దేరాలమ్మా."

ఆమె గిరుక్కున మొగుడి వైపు తిరిగింది. "నేను ఊరికే మాట్లాడమన్నానంతే..." అని అతను నీళ్ళు నమిలాడు.

మరదలికి పుట్టింటివాళ్ళంటూ ఉన్నది అక్క ఒక్కతే. అక్క పోయినా ఆ ఇల్లు మాత్రం పుట్టిల్లుగానే మిగిలింది. రోజూ టైలరింగు షాపు మూసి నేరుగా ఇక్కడికే వచ్చేది. బావకింత వండిపెట్టి, అక్క సంగతులు కాసేపు చెప్పుకుని, ఏడ్చి, మనసు తేలిక చేసుకుని వెళ్ళేది. అలా చెప్పుకోవడానికి ఆమెకు లోకంలో ఇంకో మనిషి లేడు. ఇప్పుడు ఆ ఒక్కడూ పెట్టె సర్దుకుంటున్నాడు.

అందరూ చెప్పి చూశారు. ఆ జీతం కూరగాయలకి కూడా చాలదన్నాడు కాలేజీ స్నేహితుడు. అంతగా వెళ్ళాలని ఉంటే ఇంతకన్నా మంచివి బోలెడున్నాయని, తోడల్లుడు ఇంకో రెండు ఉద్యోగాలు వెతికి తెచ్చాడు. వెచ్చని ఊళ్ళు, పెద్ద బళ్ళు.

"వద్దు. ఆ బడే," అన్నారు మాస్టారు.

మెత్తటి మనిషికి ఇంత పంతం ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. మరదలికి మాత్రం అర్థమైపోయింది.

"ఇంట్లో ఎటు చూసినా అక్కే కనిపిస్తోంది. అందుకే పారిపోతున్నారు. ఏడాదైనా తిరక్కుండానే మర్చిపోదామని చూస్తున్నారు!"

అనేశాక నాలుక్కరుచుకుంది. మాస్టారికి కోపం రాలేదు. ఏదో చెప్పబోయారు. ఆమె మొహం చూసి మానుకున్నారు.

"ఇప్పుడేమీ అడక్కమ్మా. నాకే ఇంకా రూఢిగా తెలీదు."

వెళ్ళే రోజు మరదలు అలమర పైనుంచి పలక దించింది. గొంతు ఆపరేషన్ తర్వాత అక్కకి మాట పోయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో సంసారమంతా సైగలతోనూ, ఈ పలక మీదా నడిచింది. పోట్లాటలు కూడా. అక్క ఇంతింత అక్షరాలు రాసి మాస్టారి మొహం మీద ఊపేది. ఆయన నింపాదిగా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవారు. ఇక గొడవేముంది, ఇద్దరూ నవ్వేసేవాళ్ళు.

ఆమె ఆఖరిసారి రాసింది ఎవరూ తుడవలేదు. "గొడుగు మర్చిపోకండి."

మరదలు పలకని తువ్వాల్లో చుట్టి, బట్టల మధ్య పెట్టింది. మాస్టారు దాన్ని బయటికి తీసి ఆమె చేతికే ఇచ్చారు.

"ఇది నీ దగ్గరుండనీ."

"అక్క ఆఖరి మాట బావా ఇది. ఇది కూడా మీకు బరువైపోయిందా?"

మాస్టారు పెట్టె మూశారు. ఆమె పలక గుండెలకి హత్తుకుని వెనక గదిలోకి వెళ్ళి, టాక్సీ వచ్చినా బయటికి రాలేదు. తోడల్లుడొక్కడే ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి సాగనంపాడు.

క్షేమంగా చేరానని మెసేజ్ వచ్చింది. ఆమె జవాబివ్వలేదు. గది దొరికిందని మరొకటి వచ్చింది. దానికీ ఇవ్వలేదు. సాయంత్రాలు షాపు మూశాక ఎటు వెళ్ళాలో తెలియక, కాళ్ళు అలవాటుగా ఆ వీధి మలుపు దాకా వెళ్ళి, తాళం గుర్తొచ్చి వెనక్కి తిరిగేవి. అక్క రెండోసారి పోయినట్టనిపించింది.

ఓ రోజు షాపులో చొక్కాకి కాలరు కుడుతుంటే ఫోను మోగింది. బావ. కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది.

"ఎత్తమ్మా, అవసరమేమో పాపం," అంది కొలతలివ్వడానికి వచ్చినావిడ.

మిషను ఆపి ఎత్తింది.

"ఏం బావా? వండిపెట్టేవాళ్ళు దొరకలేదా అక్కడ?"

అవతలనుంచి బెంచీలు జరిపిన చప్పుడు. పిల్లల గుసగుసలు. ఎవరో బొత్తాం నొక్కినట్టు టక్కుమని శబ్దం.

"బావా? పలకరేం?"

పాత టేపు గరగరల మధ్యనుంచి, పెళ్ళికి ముందెప్పుడో ఓ పుస్తకాల కంపెనీకి ఇంగ్లీషు పాఠాలు చదివి రికార్డు చేసిచ్చిన అక్క గొంతు, "గుడ్ మార్నింగ్ చిల్డ్రన్, హౌ ఆర్ యూ?" అని నవ్వుతూ పలకరించింది.