మూడో పట్టు

“ఎవరి పట్టు అది, సావుకార్?”

“తిమ్మప్పదే,” అన్నాడు బాలకిష్టయ్య గోదా మీంచి చూపు తిప్పకుండా. “నువ్వు బలంతోటి ఎత్తుతవు గోపాలూ. తిమ్మప్ప ఎదుటోని బలమే అరువు తీసుకుంటుండె.”

గోపాల్ పహిల్వాన్ మొహం చిట్లించాడు. తిమ్మప్ప తర్వాత గద్వాల కుస్తీ తాలీంకు పద్దెనిమిదేళ్లుగా అతనే ఉస్తాద్. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి. ఆ చోటు కోసమే తిమ్మప్ప కొడుకు ఈరన్న మట్టిలోకి దిగాడు. తాలీం కట్టుబాటు ప్రకారం కొత్తవాడు పాత ఉస్తాద్ పట్లు మూడు చూపాలి. ఆ ఉస్తాద్ కుస్తీలు చూసినవాడు పోల్చి సాక్ష్యం చెప్పాలి. ఒక్కటి తేడా వచ్చినా ఈరన్న మళ్లీ కట్టెలు కొట్టుకోవలసిందే.

తిమ్మప్ప కుస్తీ ఒక్కటీ వదలకుండా చూసినవాడు ఊళ్లో బాలకిష్టయ్య ఒక్కడే. అంచు చూసి ఏ మగ్గం చీరో చెప్పే కన్ను అతనిది. ఇంతవరకు తప్పలేదు.

ఈరన్న గుప్పెడు మట్టి తీసి ఎడమ చెవి వెనక రాసుకున్నాడు. ఎవరో గుసగుసగా అన్నారు. “అచ్చం తండ్రే. పూనిండు.”

బాలకిష్టయ్యకు మిట్టమధ్యాహ్నపు ఎండలో వీపు చల్లబడింది. ఈ పిల్లవాడు తండ్రిని చూడనే లేదు. వీడు కడుపులో ఉండగానే, కర్నూలులో గోపాల్‌తో కుస్తీకని బయలుదేరిన తిమ్మప్ప ఆ రోజే రాజోలి దగ్గర తుంగభద్రలో కలిశాడు. తలపాగా దొరికింది. మనిషి దొరకలేదు. గోపాల్‌ను అప్పట్లో తిండిపెట్టి మేపుతున్నది బాలకిష్టయ్యే. విచారణలో ఒకటే మాట చెప్పాడు: “ఆనాడు నేను చీరల మూట తీసుకొని వనపర్తిల ఉన్న. తిమ్మప్పను చూడనే లేదు.”

రెండో పట్టు పడింది. ఈరన్నకు ఎదురు నిలిచిన వనపర్తి కుర్రాడు మోచేయి మీద పడి లేచాడు.

“గిదీ తిమ్మప్పదే.”

చెబితే నష్టం లేదని బాలకిష్టయ్య బేరం చూసుకున్నాడు. గోపాల్ పని అయిపోయింది. కొత్త ఉస్తాద్ తన మాటతో గద్దెక్కితే తనవాడే అవుతాడు. వాడి తల్లి చూపు కూడా ఇకనైనా మెత్తబడుతుంది.

ఆ తల్లి నాగేంద్రమ్మ గడప బయట నిలబడి ఉంది. ఆడవాళ్లు తాలీంలో అడుగుపెట్టరు. ఆమెను చూడాలంటే బాలకిష్టయ్య మనిషంతా తిరగాలి. మెడ ఎడమకు తిరగక ఏళ్లయింది. వాతం అంటాడు.

“అన్నా,” అంది ఆమె. “మూడోది జర మంచిగ చూడు.”

ఈరన్న ఓడినవాడిలా వెనుదిరిగాడు. కుర్రాడు మీదికి రాగానే ఒక మోకాలు నేలకానించి గిర్రున తిరిగాడు. మోచేయి మెడ చుట్టూ పడింది. బొటనవేలు చెవి కింది గుంటలో దిగింది. కుర్రాడి గొంతులోంచి నీళ్లు మింగినట్టు ఒక చప్పుడు వచ్చింది.

గోపాల్ లేచి నిలబడ్డాడు. “గిదేం పట్టు? నేనెన్నడూ చూడలే!”

బాలకిష్టయ్య చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది. తూచకముందే మాట జారింది.

“ఇడువుమను! గది తిమ్మప్పదే... ఇంకింత బిగిస్తే మెడ ఇరుగుతది!”

ఈరన్న వదిలేశాడు.

“ఎవరు నేర్పిండ్రు నీకు?” అడిగాడు బాలకిష్టయ్య.

“మా అమ్మ.”

నాగేంద్రమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. ఆమెను ఎవరూ ఆపలేదు.

“ఇంట్ల నాకొక్కదానికే చూపిచ్చిండు,” అంది. “గోదాల ఎన్నడూ ఎయ్యలే.”

“మరి సావుకారెట్ల...” గోపాల్ సగంలో ఆగాడు.

ఆమె బాలకిష్టయ్య మెడ వైపే చూస్తోంది.

“గది ఆయన కర్నూలుకని బయలెల్లిన పొద్దుగాలనే కనిపెట్టిండు, అన్నా.”